మోకాళ్లు వంచిన పాప

బెంగళూరు థీమ్ పార్కులో బేరాలు సాగవంటారు. అంగడి ఇంట్లో పుట్టినోణ్ణి, నేను సాగించినా. ఎత్తు కొలిచేచోట మా పాపను మోకాళ్లు వంచమని చెప్పి, హాఫ్ టికెట్ కొట్టించినా. చేతికి చిన్నపిల్లల పట్టీ వేసినారు. దాంతో పెద్ద రైడ్లేవీ ఎక్కనీలేదు. ఆ వింతంతా పాప కింద నిలబడే చూసింది.

తిరిగొచ్చే బాగేపల్లి బస్సులో ఆడోళ్లకు, ఆడపిల్లలకు టికెట్ ఫ్రీ. అయినా కండక్టర్ రాగానే, సీటు పక్కన నిలబడున్న పాప మోకాళ్లు వంచింది.

"కాళ్లు నొప్పా తల్లీ?" పక్క సీటులోని ముసలామె అడిగింది.

"లేదవ్వా. నాయన పొట్టిగా ఉండమన్నాడు."

ఆమె నన్నొకసారి చూసి, పాప మోకాళ్ల మీద చెయ్యేసి నిటారుగా నిలబెట్టింది. "ఇంత పొడుగుండావు కదమ్మా," అనింది. నామీద నాకే రోత పుట్టింది.

మిగిలింది ఆరు వందలు. పాప ఎక్కింది బొమ్మ రైలొక్కటే. ఇప్పటికీ ఎవరన్నా ఎత్తు కొలిస్తే, ముందు నా మొహం చూస్తాది.