గోడ అవతలి ఇటలీ కారు

పెట్రోలు వాసనా కొబ్బరినూనె వాసనా కలిసి ముక్కుకు తగిలితే చాలు, ఎదురుగా ఉన్న మనిషి ఏదో దాస్తున్నాడని నాకు అనుమానం పుట్టుకొస్తుంది. మొన్న నిజామాబాదు కంఠేశ్వర్‌లో పంటి డాక్టరు కోసం కూర్చుంటే, బయట మెట్ల దగ్గర ఒక కుర్రాడు పెట్రోలు గుడ్డతో స్కూటరు తుడిచి, ఎండకు పగిలిన సీటుకు కొబ్బరినూనె రాస్తున్నాడు. పాపం, వాడి మానాన వాడు పని చేసుకుంటుంటే నేనేమో వాడి చేతుల వంకే గుడ్లప్పగించి చూస్తున్నాను. "ఏంది మేడం, గట్ల చూస్తున్రు?" అన్నాడు. ఏం లేదని ముఖం తిప్పుకున్నాను. ఇలా చూడటం నాకు పదేళ్ల వయసులో, బోధన్‌లో, మా అమ్మ నేర్పింది.

అరవైల మొదట్లో మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు సీజను మొదలైందంటే ఊరంతా చెరుకురసం మరిగిన మడ్డి వాసన, ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి, రోడ్డు పొడవునా బండ్ల బారు, ఆ బండ్ల వెనక నక్కి చెరుకులు లాక్కొని పారిపోయే మేమూ, మమ్మల్ని మరాఠీలో తిట్టే బండివాళ్లూ. సీజను అయిపోయి మా వీధి చివర పసుపు ఉడకబెట్టే రోజులొస్తే గాలి కూడా పచ్చబడినట్టుండేది. బతుకమ్మకు అమ్మ రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, ఎన్ని చేసిందో ఎవరికీ చెప్పకుండా ఉట్టి మీద దాచేది. అమ్మది ఇందల్వాయి. పాలు పోసేవాడిని, బియ్యం అమ్మేవాడిని, సొంత తోడికోడలిని, ఎవరినీ ఒకపట్టాన నమ్మేది కాదు. బాపు అసలే పెదవి విప్పని మనిషి కావడంతో ఆమె అనుమానానికి పట్టపగ్గాల్లేకుండా పోయింది.

ఒక ఎండాకాలం బాపును ఊళ్లోని పాత జాగీర్దారు హవేలీకి పిలిచారు, నీళ్ల పంపు చెడిపోయిందని. జాగీరు పోయి, భర్త పోయి, ఆ హవేలీలో బేగం సాబ్ ఒక్కతే పరదాలో ఉండేది, ఆమె ముఖం ఊళ్లో ఎవరూ చూసింది లేదు; ముసలి దాసి రహీమాబీ, గేటు దగ్గర ఒక కాపలావాడు, అంతే పరివారం. పంపు బాగుచేసిన బాపు తిరిగొస్తూ గుర్రాలశాలలో గడ్డి కింద నుంచి బయటికి వచ్చిన ఒక చక్రం చూశాడు. గడ్డి తీస్తే కారు. ఇటలీ దేశపు కారు, యుద్ధానికి ముందు బేగం సాబ్ భర్త బొంబాయి ఓడరేవు నుంచి తెప్పించుకున్నది, ఇద్దరే పట్టేది, పైన టాపు లేదు. ఆ రోజు నుంచి రెండేళ్లు, ప్రతి ఆదివారం, దాన్ని బాగుచేస్తూ బాపు హవేలీలోనే.

ఊరు ఊరుకుంటుందా? సీట్ల కింద నవాబుల బంగారం ఉందట, ఫిట్టరు దాన్ని వెతుకుతున్నాడట అన్నారు. అమ్మ బంగారం మాట పట్టించుకోలేదు, ఆమె బెంగ వేరు. బాపు ఆదివారం సాయంత్రం ఇంటికొస్తే ముఖంలో ఏదో వెలుగు, చొక్కాకు పెట్రోలు వాసన, దానితో పాటు కొబ్బరినూనె వాసన. పైగా ఇంట్లో నూనెబుడ్డి ఖాళీ అవుతోంది.

"ఇంట్ల నెత్తికి నూనె పెట్టుకోమంటే పెట్టుకోడు. ఆడ ఎవరి నెత్తికి రాస్తున్నడు?" అంది అమ్మ ఒకరోజు రొట్టె కొడుతూ, రొట్టెను కాదు, ఇంకెవరినో కొడుతున్నట్టు. తర్వాత నన్ను దగ్గరికి లాక్కొని, "బాపుతోని పో. ఏం చేస్తడో చూసి వచ్చి చెప్పు. నేను పొమ్మన్న అని చెప్పకు" అంది.

అలా నేను గూఢచారినయ్యాను.

మొదటి ఆదివారమే నూనె సంగతి తేలింది. ఎండిపోయి అట్టలైన తోలు సీట్లకు బాపు వేళ్లతో కొబ్బరినూనె పట్టించి మెత్తబరుస్తున్నాడు. అది చెప్పినా అమ్మకు తృప్తి కలగలేదు. ఆ హవేలీలో అనుమానం మా ఇంట్లో కన్నా ఎక్కువుండేది. విప్పిన ప్రతి సామానూ తెల్ల దుప్పటి మీద వరసగా పెట్టాలి. పొద్దుగూకే ముందు రహీమాబీ వచ్చి ఒక్కొక్క బోల్టునూ వేలితో తాకి లెక్కపెట్టాలి. ఆ తర్వాతే గేటు తెరిచేవారు. హైదరాబాదు నుంచి నెలకోసారి దిగే బేగం సాబ్ మేనల్లుడు, అసలు సామాను మార్చేసి నకిలీది పెడుతున్నావని బాపు ముఖం మీదే అనేవాడు. బాపు తన పని తను చేసుకుపోయేవాడు. విడిభాగాలు దొరకని కారు కాబట్టి నిజామాబాదు స్టేషను దగ్గర లేతు మిషను మీద బుష్షులు తిప్పించి, రేకుల కింద చెదలు తిన్న చెక్క చట్రానికి ఎడ్లబండ్లు చేసే వడ్రంగితో టేకు చెక్క వేయించి, చిరిగిన సీట్లు జట్కా మెత్తలు కుట్టే సాయిబుతో కుట్టించి, ఒక్కో అంగుళం బతికించుకుంటూ వచ్చాడు. నలుపు రంగు గీకితే పచ్చ, పచ్చ గీకితే ఎరుపు, అదే అసలు రంగు.

ఒకసారి మడ్‌గార్డు బోర్లా వేసి నా చేతిని లోపలివైపు ఆనించాడు. సన్నని గుంటలు, అన్నీ ఒకే పక్కకు వాలి.

"సుత్తె దెబ్బలు. మిషను కాదు బిడ్డ, మనిషి కొట్టిండు. ఎడమచేతి పనోడు, చూడు గిటు వాలినయి" అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేనదే వినడం. ఏ దేశంలోనో ఎన్నడూ చూడని ఒక పనివాణ్ణి సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడే వరండాలో వెదురు తెర వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. సన్నగా, తేటగా, కొంచెం కొంటెగా. "మిస్త్రీ సాబ్, పోయిన వారం నాలుగో సిలిండర్ నోరు మూసుకొని కూసున్నది. ఇయ్యాల మాట్లాడుతదా?"

బాపు తెర వైపు చూడకుండా, చేతులు తుడుచుకుంటూ, "మాట్లాడిస్త బేగం సాబ్" అన్నాడు, నవ్వుతూ. ఇంట్లో నవ్వని మనిషి.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అమ్మ అడిగే తీరు మీకు తెలియదు. జడ వేస్తూ, చిక్కు తీస్తూ, వెనక నుంచి నెమ్మదిగా అడిగేది. ఆడమనిషి ఉందా? ఉంది. చూసినవా? లేదు, తెర. గొంతెట్ల ఉంది? "చిన్నపిల్ల లెక్క ఉంది" అన్నాను. నా జడ అమ్మ చేతిలో ఆగిపోయింది.

మరుసటి ఆదివారం మేమిద్దరం హవేలీలో ఉండగానే అమ్మ వచ్చింది, చంకలో బట్టల మూటతో. ఇందల్వాయికి, వాళ్ల అన్న దగ్గరికి పోతుందని ఆ మూట చూడగానే నాకర్థమైంది. ఇక తిరిగి రాదు. "ఒక్కసారి ఆమె మొకం చూసి పోత" అని బాపుతో అని, ఆడవాళ్లకు పరదా అడ్డం లేదు కాబట్టి నేరుగా తెర ఎత్తి లోపలికి వెళ్లిపోయింది.

బాపు చేతిలోని పానా దుప్పటి మీద పెట్టాడు. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవా?"

"గొంతు విన్న అని చెప్పిన."

"నేను గూడ గొంతే విన్న బిడ్డ" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. అమ్మ వెళ్లిపోతే దానికి కారణం నేనేననుకుంటూ వరండా మెట్టు మీద కూర్చున్నాను.

ఎంతసేపైందో, రహీమాబీ బయటికి వచ్చి, బండి స్టార్ట్ చేసి మగవాళ్లంతా గేటు బయటికి పోవాలంది. బాపు చక్రాలు చూసి, బానెట్ మూసి, ఇంజను స్టార్ట్ చేశాడు. ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో పాడాయి. ఆయన దాన్ని ఒకసారి అరచేత్తో తడిమి బయటికి నడిచాడు, కాపలావాడు వెనకే. గేటు మూశారు. రెండేళ్లు కష్టపడిన మనిషి, అది నడిచే వేళకు గోడ అవతల నిలబడ్డాడు.

తెర తొలగింది. అరవై దాటిన, పిడికెడంత మనిషి, తెల్లటి సన్నని జడ, పాన్‌తో ఎర్రబడిన రెండే పళ్లు. ఆ నోట్లోంచి అదే చిన్నపిల్ల గొంతు. అమ్మ ఆమె వెనకే వచ్చింది, తల వంచుకొని. బేగం సాబ్ స్టీరింగు ముందు మెత్త వేయించుకొని కూర్చుని, పక్క సీటు చరిచింది. "కూసో. నీ మొగనితోని రెండేండ్లు ఏం మాట్లాడిన్నో చూపెడ్త. మా సాబ్ బతికున్నప్పుడు గీ వాకిట్లనే నడుపుడు నేర్చుకున్న. రోడ్డు నాకు తెల్వదు, గీ వాకిలి తెలుసు."

కారు కదిలింది. బావి చుట్టూ, గుర్రాలశాల చుట్టూ, దానిమ్మ చెట్లకు మడ్‌గార్డు తగిలేంత దగ్గరగా. మొదటి చుట్టు అమ్మ డోరు పట్టుకొని బిగుసుకుపోయింది. రెండో చుట్టులో బేగం సాబ్ వేగం పెంచింది, అమ్మ కొంగు ఎగిరి వెనక జెండాలా నిలబడింది, అప్పుడు అమ్మ నవ్వింది. మామూలుగా కాదు, తల వెనక్కి వాల్చి, పొట్ట పట్టుకొని, ఆపుకోలేక, హవేలీ గోడలు మారుమోగేటట్టు. మా అమ్మకు అలాంటి నవ్వొకటుందని నాకప్పటిదాకా తెలియదు.

బండి ఆగగానే గేటు బయటికి పరుగెత్తాను. బాపు గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

"నవ్వింది ఎవరు? బేగం సాబా?"

"అమ్మ."

"అబద్ధం చెప్పకు బిడ్డ."

ఒట్టు పెట్టినా నమ్మలేదు. అమ్మ బయటికి వచ్చింది, ముఖం ఎప్పటిలా బిగించుకొని, కొంగు సర్దుకొని. "ఇంటికి నడువున్రి, పొయ్యి మీదికి ఏం లేదు" అని, మూట చంకలోనే పెట్టుకొని ముందు నడిచింది, బస్సు వైపు కాదు, ఇంటి వైపు. అన్నం తినేటప్పుడు బాపు ధైర్యం చేసి అడిగాడు, నవ్వింది నువ్వేనా అని. "నవ్వుడెందుకు, నాకేమన్న పిచ్చా?" అంది అమ్మ, పప్పు వడ్డిస్తూ. నా వైపు మాత్రం చూడలేదు.

ఆ నెలలోనే మేనల్లుడు లారీ తెచ్చి, టార్పాలిన్ కప్పి కారును తీసుకుపోయాడు. ఇంజను ఆపి, నలుగురు నెట్టి ఎక్కించారు. బాపు చూసింది ఆ నెట్టుడే. తర్వాత ఎన్నేళ్లయినా, ఇంటికి ఎవరొచ్చినా, బాపు ఆ కథ చెప్పేవాడు, బేగం సాబ్ ఎట్ల నవ్విందో, గోడ అవతలికి ఎట్ల వినబడిందో. అమ్మ పక్కనే చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండా వినేది.

హవేలీ ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు, వాకిలంతా సిమెంటు. ఫ్యాక్టరీ కూత విని ఏళ్లయింది, గాలిలో మడ్డి వాసన లేదు, చెరుకు బండ్ల బారు లేదు. ఎర్ర కారు ఏ ఊళ్లో ఉందో, ఉందో లేదో. బాపు పోయాడు, ఆయన వెనకే అమ్మ పోయింది, చివరిదాకా ఆయనకు నిజం చెప్పకుండానే. ఆ రోజు గేటు లోపల ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నవ్వింది మా అమ్మే.