కాకిబంగారం కాని రాయి

గుణదల ఇంట్లో వంటగట్టుకి రాయి ఎంచుకుందామని నిన్న గ్రానైట్ షాపుకి వెళ్తే, షాపతను ఎండలో కాగుతున్న నల్లటి పలక మీద మగ్గుతో నీళ్లు పోశాడు. వేడి రాయి మీంచి లేచిన ఆ వాసన ముక్కుకి తగలగానే మా పెదనాన్న మీద పాత కోపమంతా లేచి కూర్చుంది. పోయినవాళ్లని తిట్టకూడదంటారు గానీ, నాకా పట్టింపు లేదు.

వేసవి సెలవులకి నన్ను పామర్రు నుంచి మైలవరం పంపేవారు. మా ఊళ్లో ఎటు తవ్వినా నల్లమట్టే గనక, పెదనాన్న ఇంటి వెనకున్న రాళ్లగుట్ట నాకు పెద్ద వింత. పొద్దున్నే చద్దన్నంలో ఆవకాయ కలుపుకు తిని, తాటిముంజల నీళ్లు మోచేతులదాకా కారుతుండగా నేనూ, ఆయన కూతురు శారదక్కా ఆ గుట్టంతా తిరిగేవాళ్లం. తళతళలాడే అభ్రకం పలుకులు దొరికేవి. కాకిబంగారం అనేవారు వాటిని, గోటితో గీకితే పొరలుపొరలుగా ఊడొచ్చే ఉత్తుత్తి మెరుపు. శారదక్కది నల్లటి ఒళ్లు. బట్టల కొట్టు నడిపే పెదనాన్న, వచ్చిన ప్రతి బేరం ముందూ కన్నకూతుర్ని ఆ పేరుతోనే పిలిచేవాడు.

"మా కాకిబంగారమండీ, ఎక్కడా చెల్లదు" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. అక్క తల వంచుకుని చీరలు మడతపెట్టేది.

ఒకరోజు అక్కకి గుట్ట మీద ఒక నల్లరాయి దొరికింది. ఊరికే చూస్తే ఏమీ లేదు. తడిపి, ఎండకి కాస్త ఓరగా తిప్పితే మాత్రం లోపలినుంచి నీలం భగ్గుమనేది, ఇంకాస్త తిప్పితే ఆరిపోయేది. గోరు అరిగేలా గీకినా పొర లేవలేదు. జరీ అసలుదో కాదో తేల్చడానికి కొట్లో పెదనాన్న పెట్టే పరీక్షా అదే. అక్క రాయిని పరికిణీలో మూటగట్టుకుని నేరుగా ఆయన ముందుకి వెళ్లింది.

"నాన్నా, ఇది కాకిబంగారం కాదని తేలితే నన్నింక ఆ పేరుపెట్టి పిలవకూడదు. సరేనా?"

"సరేలేవే, ఇటు తే."

గోటితో గీకాడు. నీళ్లు చల్లి అటూ ఇటూ తిప్పాడు. ఆ నీలం ఆయన కళ్లద్దాల్లో కూడా మెరిసింది. చీరలకొచ్చిన ఆడవాళ్లంతా మెడలు చాచి చూశారు. అక్క గెలిచేసిందని నాకు ఒకటే సంబరం.

"నిజమేనే, ఇది అసలు రాయే" అన్నాడు తాపీగా. "కాకిబంగారానివి నువ్వొక్కదానివే."

కొట్టంతా పగలబడి నవ్వింది. ఆ రాయి దొడ్లో నీళ్లతొట్టి పక్కకి చేరింది, మడమలు రుద్దుకోవడానికి. ఇంటిల్లిపాదీ దానిమీద కాళ్లు తోముకున్నారు, పెదనాన్నతో సహా. అక్క మాత్రం మడమలు పగిలి నెత్తురొస్తున్నా దాన్ని ముట్టుకోలేదు.

"ఇలా ఓరగా చూడండమ్మా" అన్నాడు షాపతను, పలకని వంచి. అదే నీలం. ఆ గుట్టని క్రషర్ తినేసింది, ఆ దొడ్డీ తొట్టీ కూడా లేవిప్పుడు. ఉండబట్టలేక ఫొటో తీసి అక్కకి పంపి, ఫోన్ చేశాను.

"గోటితో గీకి చూశావా?" అంది ఆత్రంగా.

"చూశానక్కా. మన రాయే."

"ఉండు, చూస్తాను" అని పక్కకి తిరిగి మనవరాలిని కేకేసింది. "ఒసే కాకిబంగారం, నా కళ్లజోడిట్టా తేవే."

ఆ పేరుకి బాగా అలవాటుపడిన చిన్న గొంతొకటి, "తెస్తన్నా నానమ్మా" అంది.