గోడల్లేని పెళ్ళిపందిరి

నిన్న ఈ అరబ్బు నగరంలో మేముండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఎవరో మేడ మీద తెల్లదుప్పటి ఆరేస్తుంటే, చిన్నప్పుడు ఇక్కడే మా పక్క ఫ్లాట్‌లో చూసిన యూదుల పెళ్ళి గుర్తొచ్చింది. నలుగురు మగవాళ్ళు కర్రలతో వధూవరుల మీద తెల్లగుడ్డను పందిరిలా ఎత్తి పట్టుకున్నారు. కిటికీలకు మాత్రం తెరలు దించేశారు. పాటలు కూడా గొంతు తగ్గించే పాడారు.

“లేచిపోయి చేసుకుంటున్నారా అమ్మా?” అన్నాను.

“నోర్ముయ్! పెళ్ళికూతురి తల్లే కదే మనల్ని పిలిచింది. బళ్ళో మాత్రం చెప్పకు. యూదులని పదిమందికీ తెలిస్తే వాళ్ళకి ఇక్కడ ఇబ్బంది.”

నేను చెప్పలేదు.

ఆ పందిరికి గోడలుండవనీ, ఏ వైపునుంచి వచ్చినవారికైనా స్వాగతమని దాని అర్థమనీ తర్వాత లైబ్రరీలో చదివాను. బిల్డింగు మొత్తంలో ఆ పెళ్ళికూతురి తల్లి పిలిచింది మా ఇంటినొక్కదాన్నే. అలా పిలవడానికి ఆవిడకెంత ధైర్యం కావలసివచ్చిందో మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు.