రెండు వరుసలు తెరిచిన పటం

ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేశాను. కొలవని దాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అందుకే సిద్దిపేటలో మా వీధి చివర ఉండే చిత్రకారిణి తన పటాన్ని జనానికి చూపించడానికి సాయం అడిగినప్పుడు, మొదట నేను చేసిన పని పటం కట్టబోయే మా వీధి సమావేశ హాలు గోడను కొలవడం.

ఆమె చేర్యాల పద్ధతిలో నకాషీ పటాలు వేస్తుంది. చింతగింజల అంబలి పట్టించిన బట్ట మీద, ఎర్రని రంగులో, కథ వరుసలు వరుసలుగా పైనుంచి కిందికి దిగుతుంది. ఈ పటం కల్లుగీత వారి కులకథ. పొడవు పన్నెండు అడుగులు, వరుసలు ఎనిమిది. గోడ ఎత్తు పద్నాలుగు అడుగులు. సరిపోయింది.

"రెండే రోజులు సారు," అన్నదామె. "శనారం, ఐతారం. ఒక్కలన్న నిలవడి సూడకుంటే సోమారం నుంచి కుట్టుమిషన్ మీద కూసుంట. ఇగ కుంచె ముట్ట."

"జనం రారనా?"

"వస్తరు. సూసినట్టు జేసి పోతరు. గదే బాధ."

శనివారం పటాన్ని పైనుంచి కింది దాకా విప్పి వేలాడదీశాము. నలభై ముగ్గురు వచ్చారు. ఎవరు ఎంతసేపు నిలబడ్డారో గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎక్కువమంది తొమ్మిది నుంచి పదిహేను సెకన్లు. ఒక యువకుడు ఇరవై మూడు సెకన్లు నిలబడ్డాడు గాని, పటానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకున్నాడు. దాన్ని చూపు కింద లెక్కించాలా వద్దా అన్నది నేటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం ఇంట్లో ఆ నోటుపుస్తకం తిరగేస్తే మొదటి పద్దు వింతగా కనిపించింది. ఉదయం తొమ్మిదీ యాభై, కల్లుగీసే ఒక పెద్దమనిషి, పదకొండు నిమిషాలు. తప్పు రాశానేమో అనుకున్నాను. తర్వాత గుర్తుకు వచ్చింది. అప్పటికి మేమింకా పటం కడుతున్నాము. తాడు చాలక ఆమె బజారుకు వెళ్లింది. నేను స్టూలు మీద నిలబడి పటంలో విప్పని మిగతా చుట్టను పట్టుకుని ఉన్నాను. తెరిచినవి రెండే వరుసలు. ఆయన రెండుసార్లు "కింద ఏమున్నది?" అని అడిగి, తాడు వచ్చేలోపే వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్నే ఆమెకు ఆ పద్దు చూపించాను.

"మా నాయిన తాన పటం రాయించుకునే కథలోళ్లు గట్లనే సూపుదురు సారు. ఒక్క వరుస ఇప్పుదురు, కథ జెప్పుదురు. మల్ల ఇంకో వరుస. మొత్తం ఒక్కపారి ఇప్పితే ఇగ కథేడుంటది?"

"మరి నిన్న చెప్పలేదేమమ్మా?"

"మీరు గోడ కొలిచిన్రు గద. సదువుకున్నోళ్లు, మీకే ఎరుకేమో అనుకున్న."

ఆ రోజు రెండు వరుసలే తెరిచాము. "కథ జెప్పుడు నాకు రాదు, గీసుడే," అంటూ ఆమె పక్కన నిలబడింది. హుస్నాబాద్ నుంచి సరుకుల సంచితో వచ్చిన ఒకామె వంగి చూసి, "గా పాము ఎటువోయింది చెల్లే?" అని అడిగింది. జవాబుగా చిత్రకారిణి మూడో వరుస విప్పింది. నాలుగో వరుసకు వచ్చేసరికి పందొమ్మిది మంది పోగయ్యారు. రాదన్న ఆమే కథ చెప్పసాగింది. ఎనిమిదో వరుస దాకా ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఒక్కరూ కదలలేదు.

శనివారం నాటి పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సగం కథ జెప్పి పన్నడు సారు," అన్నది ఆవిడ. "నాకు నిద్ర వడితె ఒట్టు."

"అటెన్క ఏమైందని నా పానం తిన్నది," అన్నాడాయన.

సోమవారం ఉదయం చిత్రకారిణి ఇంటి ముందు ఆగాను. కుట్టుమిషన్ మీద అంబలి పట్టించిన కొత్త బట్ట ఆరుతున్నది. కొలిచాను: పద్దెనిమిది అడుగులు.

"గంత పొడుగు ఏ గోడకూ పట్టదమ్మా," అన్నాను.

"గోడెందుకు సారు? చుట్ట వట్టుకోను మీరున్నరు గద."