జనరల్ ఉత్తరాలకు నల్ల అంచు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కదిరి బస్టాండు దగ్గర ఒక మేడ మీద, పాత కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే నాలుగు కంప్యూటర్ల గదిలో నా ఉద్యోగం. ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరికొకరు దండం పెట్టుకున్నాం కాబట్టి నాకు దక్కింది క్రాపింగ్ పని. అంటే స్కాన్ చేసిన కాగితం చుట్టూ పడిన నీడలూ చెత్తా కత్తిరించడం. పక్క సీట్లో సునీత. డిగ్రీ చదివింది. నేను శుభ్రం చేసినదాన్ని చూసి టైపు చేస్తుంది.

అప్పుడు అమెరికా నుంచి ఒక బ్యాచ్ వచ్చింది. నూటయాభై ఏళ్ల కిందట వాళ్ల సైన్యంలో జనరల్ ఒకాయన భార్యకు రాసిన ఉత్తరాల స్కాన్లు. పని నచ్చితే మిగతా పెట్టెలన్నీ మాకే ఇస్తామన్నారు. సునీతకు ఆ పని చాలా అవసరం. నెల కిందటే వాళ్ల నాయన పోయాడు, ఇల్లు ఆమె మీద పడింది.

నాకు ఇంగ్లీషు రాదు. అది నన్నెప్పుడూ ఆపలేదు. స్క్రీను చూస్తూ గట్టిగా చదివేవాణ్ణి: "ఏమే, ఈడ తుపాకులు బాగానే ఉండాయి గానీ తిండే బాగాలేదు. చెనిక్కాయల పొడి పంపు!" గదంతా నవ్వేది.

కొన్ని ఉత్తరాలకు చుట్టూ నల్లగా ఉంది. స్కానర్ మూత సరిగా పడకపోతే అంచున నీడ వస్తుంది. అదే అనుకుని కత్తిరిస్తుంటే సునీత వంగి చూసింది.

"అన్నా, నీడైతే ఒక పక్కే కదా పడేది? ఇది నాలుగు పక్కలా ఒకే తీరుగా ఉండాది."

"మీ జనరలు కాగితానికి కాటుక పెట్టినాడులే పాపా, దిష్టి తగలకుండా!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను అన్నీ కత్తిరించి పంపేశాను.

వారం తిరక్కుండా ఆ ఉత్తరాలు పంపిన అమెరికా ఆమె వీడియో కాల్‌లోకి వచ్చింది. వింటున్నకొద్దీ సునీత మొహం వాడిపోయింది.

"ఏమంటాంది?" అన్నాను.

"ఆ కాలంలో వాళ్ల దేశంలో ఇంట్లో ఎవరన్నా పోతే కొన్నాళ్లు నల్ల అంచు కాగితం మీదే రాసేటోళ్లంట. జనరల్‌కు కూతురు పోయిందంట, చిన్నబిడ్డ. ఆ ఉత్తరాలకు తేదీల్లేవు. బిడ్డ పోయినాక రాసినవి యావో ఆ అంచును బట్టే తెలిసేదంట."

"అదంతా నాకెట్ల తెలుస్తాది పాపా?"

ఆమె నావైపు తిరిగింది. "మా నాయన దినాల కార్డుకు నల్లగీత వేసిచ్చింది నువ్వే కదన్నా. ఈ సీట్లోనే కూచోని."

నిజమే. గీత సన్నగా ఉందని ఆమె అంటే, ఆయన ఫోటో చుట్టూ ఇంకాస్త లావు చేసి ఇచ్చాను కూడా.

మిగతా పెట్టెలు మాకు రాలేదు. సునీత ఇప్పుడు ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో నిలబడి చీరలు మడతపెడుతోంది. నేను ఏ అంచు కత్తిరించాలన్నా పక్కవాళ్లను పిలిచి చూపిస్తాను, వాళ్లు చెప్పేది చివరిదాకా వింటాను, ఆ తర్వాతే మౌస్ ముట్టుకుంటాను. ఆ ఉత్తరాల్లో, ఇంగ్లీషు రాని నేను చదవగలిగింది ఆ అంచు ఒక్కటే. దాన్నే కత్తిరించి పారేశాను.