అరవై రెండో పేజీలో మా బాబాయి

మా నాన్న పేరు చెబితే యోగా నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ చేతులు జోడిస్తారు. ఆయన పుస్తకంలోని నూట పది ఆసనాల ఫోటోల్లో కనిపించే ఒళ్లు మాత్రం మా బాబాయిది. అందుకే వీధిలోవాళ్లు ఆయన్ని 'బొమ్మల మాస్టారు' అనేవాళ్లు. దానికే మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు.

నాన్న నేర్చుకున్న రోజుల్లో పుస్తకం లేదు. ఆయన గురువు ఒక్కొక్కరి ఒళ్లూ చేత్తో తడిమి చూసి, ఎవరికి తగినది వాళ్లకి చెప్పేవాడట. నాన్నకి అంత ఓపిక ఎక్కడిది! హాలు అద్దెకి తీసుకున్నాడు, బ్యాచ్‌లు పెట్టాడు, సర్టిఫికెట్లు ఇచ్చాడు. ఆ తర్వాత పుస్తకం వేస్తే దేశదేశాలకీ వెళ్లింది. దానివల్ల నడుం నొప్పులు తగ్గినవాళ్లు వేలమంది ఉన్నారు, కాదనను.

ఫోటోలు తీసింది ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. బాబాయి సర్వాంగాసనంలో, భుజాల మీద నిలబడి కాళ్లు పైకెత్తి ఉండగా, అతను అలవాటుకొద్దీ "ఇటు చూడండి సార్, కాస్త నవ్వండి" అన్నాడు. బాబాయి ఉత్త మొహమాటస్తుడు. మెడ తిప్పి నవ్వాడు. ఒంటి బరువు మెడ మీద ఉన్నప్పుడు దాన్ని తిప్పకూడదని హాల్లో మొదటిరోజే చెబుతాం. ప్రూఫుల్లో అది ఎవరి కంటా పడలేదు. అరవై రెండో పేజీలో అలాగే అచ్చయింది.

ఇంకేముంది, జనం మెడలు తిప్పడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి మాస్టర్లో "కుడివైపు చూడటంలోనే ఉంది కిటుకు" అని చెప్పసాగారు. ఇంట్లో మేం పడీపడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎన్నాళ్లు! ఒకరోజు ఒక స్కూలు టీచరు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వచ్చింది. పుస్తకం చూసి ఏడాదిగా ఇంట్లో చేసిందట. మెడలో నరం నలిగిందన్నారట డాక్టర్లు. చాక్‌పీసు పట్టుకోలేకపోతోంది. బాబాయి వంక చూసి, "మీరు చేసినట్టే చేశానండీ" అంది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం బాబాయి నాన్న ఎదుట నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఆ బొమ్మ తప్పని ఒక్క ముక్క వేయిద్దాం."

"బొమ్మ తప్పంటే పుస్తకం తప్పన్నట్టే. పుస్తకం తప్పంటే నేను తప్పన్నట్టే. నోర్మూసుకో."

అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. మెడ తిప్పడం వల్ల లాభాలేమిటో రాయమని నాన్న నాకు చెప్పాడు. ఇరవై ఆరేళ్లదాన్ని, చదువుకున్నదాన్ని, బుద్ధి గడ్డి తిని రాశాను. కుడి నాడి తెరుచుకుంటుందనీ, మనసు కుదుటపడుతుందనీ, నున్నగా ఒక పేరా. రెండో ముద్రణలో బొమ్మ కింద వేశారు. బాబాయి చదివి, "భాష బాగుందే అమ్మాయ్" అన్నాడు. మళ్లీ హాల్లో అడుగుపెట్టలేదు.

ఆ తర్వాత ఆయనకి అదే పని. లైబ్రరీల్లో పుస్తకం తీసి అరవై రెండో పేజీలో పెన్సిల్‌తో రాసేవాడు: 'మెడ తిప్పకండి. నేను ఫోటో కోసం తిప్పాను.' లైబ్రరీవాళ్లు బయటికి గెంటేవాళ్లు. క్లాసుల బయట చెప్పుల స్టాండు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకి చెప్పేవాడు. పాపం, మతి చలించిందనుకుని పక్కకి తప్పుకునేవాళ్లు.

నాన్న పోయాక పుస్తకం నా చేతికొచ్చింది. దిద్దవచ్చు. దిద్దలేదు. ఆ పేరా నాది. అది పచ్చి అబద్ధమని అచ్చులో ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

షుగర్ వల్ల బాబాయికి చూపు పోయింది. చివరికి ఆసుపత్రి మంచం మీద ఒక మధ్యాహ్నం అడిగాడు.

"కొత్త ముద్రణ వచ్చిందటగా. దిద్దావా అమ్మాయ్?"

"దిద్దాను బాబాయ్."

"ఏదీ, చదువు."

పుస్తకం తెరిచి, నా పాత పేరా మీద చూపు పెట్టి, అందులో లేని మాటలు చదివాను. "ఈ చిత్రంలో మెడ తిరిగి ఉండటం మా పొరపాటు. మెడ కదపకుండా పైకే చూడాలి."

ఆయన కళ్లలోంచి నీళ్లు చెవులవైపు కారాయి. తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"బతికించావే తల్లీ. టీచరమ్మకి ఒక కాపీ పంపావా?"

"పంపాను" అన్నాను. ఆవిడ ఏ ఊరినుంచి వచ్చిందో కూడా నేనెప్పుడూ అడగలేదు.