మెతూషెలకి ఏళ్ళా, నెలలా?

పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టి, చావు సైతం ముట్టుకోవడానికి అసహ్యపడేలా చెయ్యడం మనవాళ్ళ పాత ఎత్తు. అంబాజీపేటకి అవతల, కాలవ గట్టున ఉన్న పేటలో సువార్తమ్మ అనే కూలిమనిషికి అలాగే నలుగురు పోయారు. అయిదోవాడు పుట్టేనాటికి ఆ ఇంట్లో చర్చి ప్రార్థన మొదలై ఒక తరం దాటింది. పెంటయ్య అంటే సంఘం ఒప్పుకోదు. చదువు లేకపోయినా సువార్తమ్మ బుర్ర ఉన్న మనిషి. బోధకుడి దగ్గరికెళ్ళి, "వాక్యంలో అందరికంటే ఎక్కువ కాలం బతికినాయన ఎవరండీ?" అని అడిగింది. మెతూషెల, తొమ్మిది వందల అరవై తొమ్మిది ఏళ్ళు అన్నాడాయన. "అయితే మావాడికి అదే పెట్టేయండి," అంది.

నోరు తిరగని ఊరు ఆ పేరుని షెలయ్య చేసుకుంది. పేరు కుంచించుకుపోయినా గడువు తగ్గలేదు. ఒరే, నువ్విప్పుడిప్పుడే పోయేవాడివి కాదు అని తల్లి ఉగ్గుపాలతో నూరిపోసింది. పిల్లవాడు నమ్మాడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరాక కూడా నమ్ముతూనే ఉన్నాడు. తోటివాళ్ళు సబ్‌స్టేషనుకి రెండుసార్లు ఫోను చేసి, సరఫరా ఆపారని రూఢి చేసుకుని గాని స్తంభం ఎక్కేవారు కాదు. షెలయ్య గారు ఎవరో చెయ్యి ఊపితే చాలు ఎక్కేసేవారు. తొంభై ఆరు తుఫానుకి కోనసీమ అంతా స్తంభాలు పడుకున్నప్పుడు, వాలిపోయి ఊగుతున్న స్తంభాల మీదికి వెళ్ళి తీగలు విప్పింది ఆయనే. కింద నిలబడ్డ కుర్ర ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడట.

ఇంతింత ఆయుష్షులు ఒక్క ఆ గ్రంథం సొత్తేమీ కాదు. మన పురాణాల్లో రాజులు అరవై వేల ఏళ్ళు ఏలారు. యూఫ్రటీసు నది ఒడ్డున తవ్వి తీసిన మట్టిపలకల్లో ఒక్కో రాజుకీ ఇరవై వేలు, ముప్ఫై వేలు. జలప్రళయానికి ముందువాళ్ళకి ఎక్కువ, తరవాతివాళ్ళకి తక్కువ అన్న సంగతి మాత్రం రెండు మూడు జాతులవాళ్ళు ఒకరితో ఒకరు కూడబలుక్కున్నట్టు రాశారు. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. షెలయ్య గారికి తేల్చుకోవలసిన అవసరమే ఎనభయ్యో పడిదాకా రాలేదు.

గజ్జల్లోకి పేగు జారి ఉబ్బు వచ్చి ఏళ్ళయింది. "తొందరేముందే, ఇంకా ఎనిమిది వందల ఏళ్ళుంది," అని భార్య కుసుమ దగ్గర నవ్వుతూ వాయిదా వేసేవారు. చివరికి అమలాపురం డాక్టరు గట్టిగా చెప్పాక, వచ్చే సోమవారం ఆపరేషనుకి ఒప్పుకున్నారు.

ఆ ముందు ఆదివారమే కొంప మునిగింది. కొత్తగా వచ్చిన సన్నీ పాస్టరు చదువుకున్న కుర్రాడు. నేటి పిల్లలు ఇలాంటి వయసులు నమ్మరు గనక వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాడు. "పూర్వం చంద్రుణ్ణి చూసి కాలం లెక్కపెట్టేవారు. ఏళ్ళు అన్నవి నెలలు అయ్యుంటాయని కొందరు పండితులు అంటారు. పన్నెండు చేత భాగించండి. మెతూషెల బతికింది ఎనభై ఏళ్ళ తొమ్మిది నెలలు. అంతే!"

మందిరంలో తలలన్నీ ఒక్కసారి షెలయ్య గారి వైపు తిరిగాయి.

ఇంటికి వచ్చి అన్నం కెలికి లేచిపోయారు. "సోమవారం వద్దే. ఈ ఎనభై ఏళ్ళ తొమ్మిది నెలలూ దాటనీ."

"ఎప్పటికి దాటుతాయండీ? మీరు ఎప్పుడు పుట్టేరో మీకు తెలుసా?" అంది కుసుమ.

తెలీదు. కాలవకి గండి పడిన ఏడు అని తల్లి చెప్పేది. కాలవకి గండి పడని ఏడు ఏది? బడిలో మాస్టారు ఊరి పిల్లలందరికీ ఏడు ఉజ్జాయింపుగా వేసి, జూలై ఒకటి రాసేశారు. గడువు దాటిపోయిందో, రేపో, వచ్చే ఏడో. ఎటు చూసినా తెలీని గోడే.

కొబ్బరితోట గోవిందరాజులు గారు ఆయన ఈడువారే. షెలయ్య గారు వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని గోడు చెప్పుకుంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏమండీ షెలయ్య గారూ, మీవి నెలలైతే నయమే. మా రాజుల అరవై వేల ఏళ్ళూ రోజులేనని మా పురాణం శాస్త్రులు గారు చెప్పేరు. ఆయ్. భాగిస్తే నూట అరవై పైచిలుకు. మీ మెతూషెల కూడా రోజుల లెక్కలోకి దిగితే మూడేళ్ళు నిండకుండానే పోయినట్టు!"

"నవ్వులాట కాదండీ, రాజులు గారూ. మీరు ఏది నమ్ముతారు?"

గోవిందరాజులు గారి నవ్వు ఆగింది. "పండక్కి వినేటప్పుడు అరవై వేలూ నమ్ముతానండీ. ఇంటికొచ్చేక ఆలోచించను."

అది షెలయ్య గారికి పనికొచ్చే మాట కాదు. సోమవారం గడిచిపోయింది. బుధవారం పొద్దున్నే పాస్టరు గారింటికి నడిచారు.

"బాబూ, పెద్దమనిషిని, భయమేసి వచ్చేను. మా పేరాయనకి ఏళ్ళా, నెలలా? ఒక్క మాట తేల్చి చెప్పండి."

"అది ఒక అభిప్రాయం మాత్రమే తాతగారూ..."

"అభిప్రాయం అయితే ఆదివారం ఎందుకు చెప్పేరండీ?"

సన్నీ ఇబ్బందిగా గ్రంథం తెరిచాడు. వేలు పెట్టుకుంటూ చదివి, ఒకచోట ఆగిపోయాడు. మెతూషెలని కన్నప్పుడు తండ్రి హనోకుకి అరవై అయిదేళ్ళు. వాటినీ పన్నెండు చేత భాగిస్తే? కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమైంది బాబూ?"

"అలా అయితే వాళ్ళ నాన్నగారికి అప్పటికి అయిదేళ్ళు తాతగారూ."

"అయిదేళ్ళకి పిల్లాడా!"

"అంటే నెలలు కావు. అలాగని ఏళ్ళూ..." సన్నీ గ్రంథం మూసి, మళ్ళీ తెరిచాడు. "నాకు తెలీదండీ. నిజంగా తెలీదు."

షెలయ్య గారు ఏదో అనబోయి ఒంగిపోయారు. గజ్జల్లో ఉబ్బు రాయిలా బిగుసుకుంది. లేవబోయి లేవలేకపోయారు. పాస్టరు ఆటో పిలిచాడు. అమలాపురం చేరేదాకా ముసలాయన తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన మొదలెట్టడం, లెక్క గుర్తొచ్చి మధ్యలో మరిచిపోవడం. పేగు ఇరుక్కుంది, వెంటనే కొయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషనుకి సంతకం, వెనకాలే వచ్చిన కుసుమ పెట్టింది.

మర్నాటికి కళ్ళు తెరిచి, గంజి తాగగలిగారు. కత్తి గండం గడిచింది. భయం పోవాలి మరి. పోలేదు. అది ఎనభయ్యో ఏటి దగ్గర ఆగకుండా వెనక్కి నడవడం మొదలెట్టింది. ఏళ్ళూ కాక, నెలలూ కాక, పేరు వట్టి పేరే అయితే, ఆ తుఫానులో ఊగే స్తంభం మీద తనని పట్టుకున్నదెవరు? ఎవరో చెయ్యి ఊపితే ఎక్కేసిన రోజుల్లో తీగలో కరెంటు లేదని ఎవరు చూశారు? దేవుడే చూశాడంటే, గ్లవ్సులు వేసుకుని, జాగ్రత్తలన్నీ పడి కూడా కరెంటు కొట్టి పోయిన ఒక తోటి లైన్‌మన్‌ని ఎందుకు చూడలేదు? ముప్ఫై ఏళ్ళ స్తంభాలన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. చేతిలో గ్లాసు ఒరిగి గంజి దుప్పటి మీద ఒలికింది.

కుసుమ తువ్వాలుతో తుడిచింది.

"నేను స్తంభం ఎక్కేటప్పుడు నీకు భయమేసేదా?"

"ప్రతిసారీనండీ."

"ఒక్కనాడూ చెప్పలేదేం?"

"చెబితే మీ పేరు చెప్పి నవ్వేవోరు కదండీ." ఆవిడ తువ్వాలు పిండుకుంటూ అంది. "మీకైతే ఆ పేరుంది. నాకేముందండీ?"

షెలయ్య గారు ఆవిడ మొహంలోకి చూశారు. యాభై ఏళ్ళ కాపురంలో ఈ మాట ఎక్కడ ఉండిపోయిందో తెలియలేదు. చెయ్యి చాపి తువ్వాలు రెండో కొన పట్టుకున్నారు. పిండడానికా, ఊరికేనా అన్నది ఆవిడకి అర్థం కాలేదు. ఆయనకీ అర్థం కాలేదు.